పైను చెట్టు సూదియాకులు

ప్రతి సంవత్సరమును క్రిస్మసు పండుగకు మన పాఠశాల హాలులో ఒక సరుగుడు మొక్కను నిలిపి, రంగు కాగితములతోను చిన్న దీపములతోను అలంకరించుట వాడుక. క్రిందటి పండుగనాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు పండుగ కార్డుపై మంచు కప్పుకొని నిలిచిన చెట్టును, మన సరుగుడును మార్చి మార్చి చూచి, "అయ్యా, ఈ రెండును ఒకటేనా?" అని మమ్ము నడిగెను. కాదని చెప్పుట సులభమే. ఎందుకు కాదో చెప్పబోయి మేము చాల దూరము పోవలసి వచ్చినది. అట్లు పోయి తెలిసికొన్న సంగతులనే ఈ వ్యాసమున వ్రాయుచున్నాము.

సరుగుడు రెమ్మ నొకదానిని త్రుంచి చూడుడు. సూదివలె కనబడునది ఆకు కాదు. అది పచ్చని సన్నని కొమ్మ. రెండు కొనలను పట్టి లాగినచో కణుపు దగ్గర టప్పున ఊడివచ్చును. ఊడిన చోట చుట్టును రంపపు పండ్లవలె మిక్కిలి చిన్న పొలుసులు కనబడును. అవియే దాని నిజమైన ఆకులు. సరుగుడు పుష్పించు వృక్షములలోనిది. పైను అట్టిది కాదు. దానికి మనము పువ్వులనదగినవి లేవు. కొయ్యవంటి కాయల పొలుసుల నడుమ విత్తనములు పైతొడుగు లేక పుట్టును. దాని సూది నిజముగా ఆకే.

మన దేశమున పైను చెట్లను చూడదలచినవారు హిమాలయములకు పోవలెను. అచ్చట కొండవాలులపై పెరుగు చీరు పైనునకు సంస్కృతమున సరళమని పేరు. దాని సూదులు మూడేసి యొక కట్టగా నుండి, జానెడు మొదలు జానెడున్నర పొడవుండును. దాని శాస్త్రీయ నామము రాక్స్‌బర్గు అను పండితుని పేర నేర్పడినది. ఈయన 18వ శతాబ్దపు చివర మన గోదావరి మండలములోని సామర్లకోటలో తోట వేసి, తెలుగుదేశపు మొక్కలను వర్ణించి, బొమ్మలు వ్రాయించినవాడు. అయినను మేము చెప్పబోవు చెట్టు ఇది కాదు. కార్డుపైని చిత్రములలో తరచుగా కనబడునదియు, ఐరోపా ఖండపు ఉత్తరభాగమున అడవులకు అడవులుగా వ్యాపించియున్నదియు నగు స్కాట్స్ పైను. దీని సూదులు రెండేసి యొక కట్ట.

ఈ చెట్టు సంచారము ఆశ్చర్యకరమైనది. ప్రపంచములోని పైను జాతులన్నిటిలోను దీనియంత విశాలముగా వ్యాపించినది వేఱొకటి లేదు. దక్షిణమున స్పెయిను దేశపు సియెర్రా నెవాడా పర్వతములు 37 డిగ్రీల అక్షాంశము దగ్గర నున్నవి. ఉత్తరమున నార్వే దేశపు 70వ డిగ్రీ. పడమట స్కాట్లండు, స్పెయిను. తూర్పున సైబీరియాను దాటి అఖోట్స్క్ సముద్రతీరపు చేరువ. ఉత్తరదేశములలో సముద్రమట్టముననే పెరుగును. దక్షిణమున ఎండకు జడిసి కొండలెక్కును. కాకసస్ పర్వతములలో 2,600 మీటర్ల యెత్తు వరకు కనబడును. ఇన్ని శీతోష్ణములలో ఒకే జాతి వృక్షము బ్రతుకుచున్నదన్నచో, అన్నిచోట్లను అది ఒకే రీతిగా నుండునా అను ప్రశ్న పుట్టక మానదు.

ముందుగా సూదిని చూతము. మామూలుగా పొడవు 3 మొదలు 7 సెంటీమీటర్లు. వెడల్పు ఒకటి, రెండు మిల్లీమీటర్లు. కొంచెము మెలితిరిగి యుండును. ఒక కట్టలోని రెండు సూదులను లోపలి ముఖములు కలియునట్లు చేర్చినచో ఒక గుండ్రని పుల్ల యగును. కావున ఒక్కొక్క సూదిని అడ్డముగా కోసిన అర్ధచంద్రాకారము. (చీరు పైను సూదులు మూడు గనుక అందొక్కొక్కటి మూడవ వంతు.) పైన మైనపు పూత యుండును. సూదుల నీలిచాయకు ఆ పూతయే కారణము. పూత నడుమ వరుసలు వరుసలుగా తెల్లని చుక్కలు. అవి గాలి లోపలికి పోవు పత్రరంధ్రములు. చర్మము క్రింద అంచుల పొడవునను జిగురు ప్రవహించు సన్నని కాలువలు. నడుమ రెండు ఈనెలు. ఇంతే సూది. కాని యిందు కొలవదగినవి ఎన్ని యున్నవో చూడుడు: పొడవు, వెడల్పు, రంధ్రముల వరుసలు, జిగురు కాలువల సంఖ్య, రంగు, బరువు, నీటి పాలు, ఎన్ని సంవత్సరములు కొమ్మ నంటియుండునను లెక్క. వీనిలో ఏ ఒక్కటియు అన్ని దేశములలోను సమానము కాదు. మధ్య ఐరోపాలోని సూదులు పొడవైనవి. ఉత్తరమునకు పోయినకొలది పొట్టి. సాధారణ ప్రదేశములలో సూది 2 మొదలు 4 సంవత్సరములు జీవించును. ధ్రువమునకు దగ్గరి చలిదేశములలో ఏడు సంవత్సరములును, అంతకు మించియు రాలక నిలుచును.

ఈ భేదములను చూచి పూర్వపు వృక్షశాస్త్రజ్ఞులు ఊరకుండలేదు. సూది కొంచెము పొట్టిగా కనబడినచో ఒక ఉపజాతి, నీలముగా కనబడినచో మఱియొక ఉపజాతి యని పేర్లు పెట్టుచు పోయి, స్కాట్స్ పైనునకు నూటికి మించిన ఉపజాతులను గ్రంథములకెక్కించిరి. నేడు వానిలో మూడు నాలుగింటిని మాత్రమే పండితులు సాధారణముగా అంగీకరింతురు. తక్కిన పేర్లు గ్రంథాలయములలో దుమ్ము పట్టియున్నవి. పేరు పెట్టుట తెలిసికొనుట కాదని వారిని ఎగతాళి చేయుట సులభము. కాని వారికి వచ్చిన చిక్కు నిజమైనది. దానిని కొంచెము వివరింతుము.

ఒక పైను చెట్టుననే దక్షిణపు కొమ్మ సూది, నీడలోని కొమ్మ సూది ఒకటిగా నుండవు. లేత చెట్టు సూది ముసలి చెట్టు సూదికన్న పొడవు. వానలు బాగుగా కురిసిన వేసవిలో పుట్టిన సూది, కఱవు వేసవిలో పుట్టినదానికన్న పొడవు. ఇట్లుండగా స్వీడను ఉత్తరమునుండి తెచ్చిన పొట్టి సూదిని, జర్మనీనుండి తెచ్చిన పొడుగు సూదిని బల్లపై ప్రక్కప్రక్కన పెట్టి, ఈ భేదము వంశమునుండి వచ్చినదా, లేక పెరిగిన చోటి చలివలన వచ్చినదా అని అడిగినచో ఎంతటి భూతద్దమును సమాధానము చెప్పలేదు. తండ్రి పొట్టివాడగుటచేత కుమారుడు పొట్టివాడయ్యెనా, తిండి చాలక అయ్యెనా యని ఒక్క మనుష్యుని చూచి చెప్పలేము గదా.

దీనికి ఉపాయ మొక్కటే. పలు దేశముల విత్తనములను తెచ్చి, ఒకే నేలలో, ఒకే నారుమడిలో, ఒకేనాడు విత్తి, ఒకే నీరు పోసి పెంచవలెను. అట్లు పెంచిన తరువాతను భేదము నిలిచియున్నచో అది వంశముది. మాసిపోయినచో అది చోటుది. ఈ మాట మన గ్రామముల రైతునకు క్రొత్తది కాదు. పొరుగూరి జొన్న గింజ తన చేనిలో ఎట్లుండునో చూడదలచినవాడు, తన గింజను దాని ప్రక్కనే చల్లి చూచును. అయితే జొన్న నాలుగు నెలలలో ఫలితము చెప్పును. పైను ముప్పది యేండ్లకుగాని చెప్పదు. ఈ పని మొదలుపెట్టువానికి ఎంత ఓర్పు కావలెనో ఆలోచింపుడు.

అట్టి ఓర్పు గలవాడు ఫ్రాన్సు దేశమున నొకడు పుట్టెను. పేరు ఫిలిప్ ఆంద్రే ద విల్‌మొరాఁ. విత్తన వర్తకుల కుటుంబమువాడు. ఓడల స్తంభములకు బాల్టికు సముద్రతీరపు రీగా రేవునుండి వచ్చు పైను దుంగలు శ్రేష్ఠములని అప్పటి నావికుల నమ్మకము. రీగా చెట్టు తిన్నగా పెరుగుట రీగా నేల గొప్పయా, రీగా విత్తనపు గొప్పయా? ఆయన 1821లో లే బార్ అను ఎస్టేటును కొని, తరువాతి సంవత్సరములలో రీగా, స్కాట్లండు, జర్మనీ మొదలగు చోట్ల విత్తనములను తెప్పించి ప్రక్కప్రక్కన నాటించెను. ఒకే నేలలో నున్నను రీగా చెట్లు తిన్ననివిగానే పెరిగినవి. మఱికొన్ని వంకరలు పోయినవి. విత్తనము తన పుట్టింటి గుణమును వెంట తెచ్చుకొనునని తేలినది. 1862లో తన పరిశీలనలను ప్రకటించి, ఆ సంవత్సరమే ఆయన మరణించెను. ఆ ఎస్టేటు నేడు ఫ్రాన్సు దేశపు జాతీయ వృక్షవాటిక.

గ్రంథమున వ్రాయబడినది అడవి యజమానులకు చేరుటకు మాత్రము చాలకాలము పట్టినది. 19వ శతాబ్దపు చివరిభాగమున స్వీడను దేశమున నరికిన అడవులను మరల నాటుటకు విత్తనము చాలకపోయెను. జర్మనీ వర్తకులయొద్ద పైను విత్తనము చౌక, కావలసినంత దొరకును. చూచుటకు అదే గింజ, అదే జాతి. తెచ్చి నాటిరి. మొక్కలు మొలిచి మొదట బాగుగనే పెరిగినవి. పిమ్మట చలిదెబ్బకు కొనలు మాడుట, బోదెలు వంకర పోవుట, సూదులకు తెగుళ్లు పట్టుట మొదలైనవి. మంచు క్రింద సూదులను తిను బూజు తెగులొకటి ఉత్తరదేశములలో కలదు; దక్షిణపు విత్తనమునుండి పుట్టిన మొక్కలకు దాని బాధ ఎక్కువ. "జర్మను పైను" అనుమాట స్వీడను రైతుల నోట నిందావాక్యమైపోయెను. ఇందలి కష్టమేమనగా, తప్పు జరిగినదని తెలియునప్పటికి ఇరువది ముప్పది యేండ్లు గడచిపోవును. నాటినవాడు ముసలివాడగును, కొడుకునకు మ్రానుల తోపు బదులు కట్టెపుల్లల తోపు మిగులును. ఒక గింజల సంచిపై ఊరిపేరు వ్రాయకపోవుటవలన కలిగిన నష్టమిది. 1907 మొదలు ఐరోపాలోని అటవీ పరిశోధన సంస్థలు కలిసి, ఒకే విత్తనములను పలు దేశములలో ఒకేసారి నాటి చూచు ఏర్పాటు చేసికొనుటకు ఇట్టి నష్టములే కారణము.

ఇంతవరకు విత్తనపు పుట్టిల్లు ముఖ్యమని మాత్రమే తెలిసినది. ఒక పుట్టింటికిని మఱియొక పుట్టింటికిని నడుమ హద్దు ఎక్కడ? గోడలు కట్టినట్లు వేఱువేఱు తెగలున్నవా? ఈ ప్రశ్నను తీర్చినది సూదియే.

స్వీడను దేశస్థుడు యోటె టూరెసన్ అను పండితుడు 1922లో ఒక సిద్ధాంతమును చెప్పెను. సముద్రపుటొడ్డున పెరుగు మొక్కను, కొండపై పెరుగు మొక్కను, అవి ఒకే జాతివైనను, ఒకే తోటలో పెంచినప్పుడు వాని భేదములు నిలిచియుండుటను చూచి, ఒక్కొక్క రకపు చోటునకు తగిన ఒక్కొక్క తెగ జాతిలోపల ఏర్పడునని ఆయన మతము. పైను చెట్టునకు ఈ మాట వర్తించునా యని పరీక్షించినవాడు ఆయన దేశమువాడే యగు ఓలోఫ్ లాంగ్లెట్. దేశము నలుమూలలనుండి, మఱికొన్ని పొరుగు దేశములనుండి 500కు మించిన చోట్ల విత్తనములను సేకరించి, ఒకే నారుమడిలో మొలిపించి, శరదృతువున వాని సూదులను కోసి తూచెను. తూచి, ఎండబెట్టి, మరల తూచెను. ఇంతకన్న సులభమైన ప్రయోగము లేదు. మన పాఠశాల త్రాసుతోనైనను చేయవచ్చును. పచ్చిసూదులు 100 పాళ్లున్నవనుకొందము. ఎండిన తరువాత 35 పాళ్లు మిగిలినచో తక్కిన 65 పాళ్లు నీరు. ఆ మిగిలిన పాలు ఎంత ఎక్కువైన, ఆ మొక్క చలికాలమునకు అంత సిద్ధమైనదని అర్థము. ఏలయనగా సూదిలోని నీరు గడ్డకట్టుటచేత కణములు చెడుటవలన చలి చంపును. అందుచే చలి రాకముందే నీటిని తగ్గించుకొని చక్కెర మొదలగు పదార్థములను చేర్చుకొన్న సూది బ్రతుకును.

1936లో ఆయన ప్రకటించిన ఫలితమిది. ఉత్తరపు విత్తనమునుండి పుట్టిన మొక్కల సూదులలో ఎండు పదార్థము ఎక్కువ, దక్షిణపువానిలో తక్కువ. ఇది ఊహించినదే. ఊహింపనిది మఱియొకటి. ఉత్తరమునుండి దక్షిణమునకు చోట్లను వరుసగా పేర్చి చూచినప్పుడు, ఆ అంకెలు ఎక్కడను మెట్టు దిగినట్లు దిగలేదు. వాలుదారివలె మెల్లమెల్లగా దిగినవి. ఇచ్చటితో ఉత్తరపు తెగ ముగిసినది, ఇచ్చటనుండి దక్షిణపు తెగ అని గీత గీయుటకు చోటు దొరకలేదు. రెండు కొనలను మాత్రమే చూచినవానికి రెండు తెగలు కనబడును. నడుమనున్న వందల చోట్లను చూచినవానికి ఒక్క వాలు మాత్రమే కనబడును. రెండేండ్లకు, 1938లో, జూలియన్ హక్స్‌లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఇట్టి క్రమభేదములకు 'వాలు' అను అర్థము గల గ్రీకు మాటనుండి 'క్లైన్' అను పేరు కల్పించెను. మనుష్యులను రంగు, ముక్కు, తల కొలతలనుబట్టి తెగలుగా విభజింప ఐరోపాలో కొందఱు మిక్కిలి ఉత్సాహముగా నున్న కాలమది. మేము వృక్షములను గూర్చియే వ్రాయుచున్నాము. చదువరులు ఇంతకన్న దూరము పోదలచినచో అది వారి యిష్టము.

వాలు ఎందుకేర్పడినది? పైను పుప్పొడి గాలిలో ఎగురును. ఒక్కొక్క రేణువునకు రెండు గాలిసంచులున్నవి. గాలివాటమున అది వందల కిలోమీటర్లు పోగలదు. కావున ఒక అడవి వంశము పొరుగు అడవితో ఎల్లప్పుడును కలియుచునే యుండును. చలితో సంబంధము లేని వంశలక్షణములను నేటి ప్రయోగశాలలలో పరీక్షించినచో, ఎంతో దూరమున నున్న అడవుల చెట్ల నడుమ కూడ భేదము స్వల్పమే. ఆ లక్షణములలోని వైవిధ్యము చాలవఱకు ఒకే అడవిలోని చెట్టునకును చెట్టునకును నడుమనే యున్నది. కాని చలి దయ లేనిది. గాలి ఎంత కలిపినను, ప్రతి చోటను ఆ చోటి శీతమునకు ఓర్వలేని మొలకలు చచ్చుచుండును. కలుపునది గాలి, ఏరునది చలి. చలి మెట్లుమెట్లుగా గాక మెల్లగా మారును గనుక, ఏరుటయు మెల్లగా మారినది. లాంగ్లెట్ కన్న వాలు ఇట్లేర్పడినదే.

ఇందు చలిని ముందుగా ఎట్లు పసికట్టునో చెప్పక విడువరాదు. చలి వచ్చిన తరువాత సిద్ధపడిన మొక్కకు ఆలస్యమైనట్లే. అందుచేత పైను రాత్రి పొడవును లెక్కించును. విజయవాడ 16½ డిగ్రీల అక్షాంశమున నున్నది. అచ్చట సంవత్సరములోని అన్నిటికన్న పొడుగు పగటికిని పొట్టి పగటికిని భేదము సుమారు రెండు గంటలే. 60వ డిగ్రీ దగ్గర వేసవిలో పగలు 19 గంటలకు చేరువ. చలికాలమున 6 గంటలు. ఉత్తరపు పైను రాత్రి కొద్దిగా పొడవగుటతోనే, ఇంకను వేసవి యుండగనే, మొగ్గలు మూసికొని సూదులను గట్టిపరచుకొనును. దానిని దక్షిణమునకు తెచ్చి నాటినచో అచ్చటి వేసవి రాత్రులే దానికి పొడుగు రాత్రులు. శరత్తు వచ్చెనని తలచి ఎదుగుట మానుకొని గిడసబారును. దక్షిణపు పైనును ఉత్తరమునకు కొనిపోయినచో, అది పొడుగు పగళ్లను చూచి ఇంకను వేసవి కలదని భ్రమించి, మంచు పడువఱకును ఎదుగుచునే యుండి చచ్చును. జర్మను పైను స్వీడనులో పడిన బాధలో ముఖ్యభాగమిదే.

సూది రంగులోను ఈ సంగతియే కనబడును. ఉత్తరపు విత్తనములును సైబీరియా విత్తనములును పుట్టించిన చెట్లు చలికాలమున పత్రహరితమును తగ్గించుకొని పసుపుపచ్చగా మారును. స్పెయిను, దక్షిణ ఫ్రాన్సు విత్తనముల చెట్లు నీలిపచ్చగానే నిలుచును. ఇది కంటికి వింత మాత్రమే యనుకొనరాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో 20వ శతాబ్దమున క్రిస్మసు చెట్లుగా అమ్ముటకు స్కాట్స్ పైను తోటలు విస్తారముగా పెంచిరి. పండుగ వచ్చునది డిసెంబరున. అప్పటికి ఉత్తరపు విత్తనము వేసిన తోట పసుపుపచ్చ! ఏడెనిమిది సంవత్సరములు పెంచిన చెట్టును కొనువాడు లేక, కొందఱు ఆకుపచ్చ రంగు చల్లి అమ్మిరి. మిషిగన్ రాష్ట్రమున రైట్, బుల్ అనువారు నూటికి పైగా చోట్ల విత్తనములను ఒకేచోట పెంచి, 1963లో వాని రంగు, ఎదుగుదల, సూది పొడవుల భేదములను ప్రకటించిన పిమ్మట, తోటవారు పచ్చగా నిలుచు దక్షిణపు విత్తనమును ఏరుకొనుట నేర్చిరి. కార్డుపైని చెట్టు రంగు వెనుక ఇంత కథ యున్నదని మేమును ఎఱుగము.

ఇక మాకు అన్నిటికన్న ఎక్కువ ఆలోచన పుట్టించిన సంగతి. పోలండు దేశపు కూర్నిక్ అను ఊరిలో పలు అక్షాంశముల విత్తనములను ఒకేచోట నాటిన తోట కలదు. అచ్చట ఒలెక్సిన్, రైక్ అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును సూదులలోని నత్రజనిని కొలిచి 1996లో ప్రకటించిరి. ఉత్తరపు విత్తనమునుండి పుట్టిన చెట్ల సూదులలో నత్రజని ఎక్కువ. వాని శ్వాసక్రియయు వేగము. వేసవి స్వల్పమైన దేశపు చెట్టు, ఉన్న కొద్దికాలములోనే పని ముగించుకొనునట్లు తన సూదిని బలముగా నింపుకొను స్వభావము కలది. మంచిదే. మఱి ఉత్తరపు అడవికే పోయి కొలిచినచో? చలి పెరిగినకొలది సూదులలో నత్రజని తక్కువ! శీతల భూమిలో ఆకులలములు త్వరగా కుళ్లవు. నత్రజని వేళ్లకు దొరకదు. చెట్టు కోరినది ఒకటి, నేల ఇచ్చినది మఱియొకటి. కఠినమైన నేల, అందు ఎక్కువ కోరు స్వభావము గల చెట్టు. రెండును కలిసి అడవిలో కనబడు అంకె యగుచున్నది. అడవిలో మాత్రమే కొలిచినవాడు ఉత్తరపు చెట్టును గూర్చి నిజమునకు సరిగా వ్యతిరేకమైనది వ్రాసియుండును. మేము పైన చెప్పిన నూరు ఉపజాతుల పేర్లలో ఎన్ని ఇట్టి పొరపాట్లో!

సూది ఆయుర్దాయము మాటయు చెప్పుదుము. చలిదేశమున సూది ఏడేండ్లు నిలుచుట, దరిద్రుడు చొక్కాను ఏడేండ్లు తొడిగినట్టిది. క్రొత్త సూదిని చేయుటకు నత్రజని కావలెను, అది దుర్లభము, వేసవి స్వల్పము గనుక ఒక సూది తనను చేయుటకైన ఖర్చును తీర్చుటకే ఎక్కువ సంవత్సరములు పట్టును. కావున పాతదానినే కాపాడుకొనును.

చివరగా ఈ చెట్టునకు పేరిచ్చిన స్కాట్లండునకు వత్తుము. ఒకప్పుడు ఆ దేశపు ఉత్తరపు కొండలను కప్పిన పైను అడవి నరుకుటచేతను, గొఱ్ఱెల మేతచేతను, జింకలచేతను తరిగి ముక్కలైనది. 1959లో స్టీవెన్, కార్లైల్ అను ఇద్దఱు ఆ దేశమంతయు తిరిగి, 35 సహజవనములు మిగిలియున్నవని గ్రంథము వ్రాసిరి. తరువాతి లెక్కలలో చిన్న తోపులను కూడ చేర్చి 84గా గుర్తించిరి. దేశము చిన్నదైనను పడమటి తీరము మిక్కిలి వానగలది, తూర్పు కొండలు పొడివి; రెంటికిని నడుమ దూరము ఎక్కువ లేదు. 1980 ప్రాంతమున ఫారెస్ట్ అను శాస్త్రజ్ఞుడు చెట్ల జిగురులోని పరిమళద్రవ్యములను పరీక్షించి, వాయవ్యపు మూలనున్న వనముల చెట్లు తక్కినవానికన్న వేఱుగా నున్నవని చూపెను. అది మొదలు ఏ వనమునకు ఆ ప్రాంతపు విత్తనమునే వాడవలెనను నియమము బలపడినది.

ఇప్పుడు ఆ వనములకు క్రొత్త బాధ యొకటి వచ్చినది. సూదులపై ఎఱ్ఱని పట్టీలు వేసి రాల్చు డోతిస్ట్రోమా అను బూజు తెగులు 1990ల చివరినుండి బ్రిటనులో పెచ్చు పెరిగినది. ఈ బూజు సూదిలోనికి పోవు ద్వారములు పత్రరంధ్రములే. కనుక రంధ్రముల వరుసలెన్ని, సూది వెడల్పెంత, జిగురు కాలువలెన్ని అను కొలతలు నేడు కేవలము పండితుల వినోదము కాదు. 2016లో ఎడింబరో ప్రాంతపు శాస్త్రజ్ఞులు పలు వనముల తల్లిచెట్ల విత్తనములను ఒకేచోట పెంచి, వాని సూదులను కొలిచి ప్రకటించిరి. వనమునకును వనమునకును నడుమనే గాక, ఒకే వనములోని ఒక తల్లి పిల్లలకును వేఱొక తల్లి పిల్లలకును సూదులలో వంశభేదము కలదు. ఇది ఆశ కలిగించు విషయము. తెగులు వచ్చినప్పుడు ఏ సూది తట్టుకొనునో అట్టి సూది గల చెట్టు ఆ వనముననే యుండవచ్చును. అన్నియు ఒకే అచ్చున పోసినట్లుండినచో అన్నియు ఒకేసారి పోయియుండును.

లోకము వేడెక్కుచున్న ఈ దినములలో ఐరోపా అటవీశాఖలవారు మఱియొక తర్జనభర్జనలో పడియున్నారు. నేడు నాటిన పైను నూరేండ్లు నిలువవలెను. నూరేండ్ల తరువాత ఆ చోటి చలి నేటి చలి కాదు. కావున ఆ చోటి విత్తనమునే నాటవలెనా, కొంచెము దక్షిణపు విత్తనమును తెచ్చి నాటవలెనా? ఉష్ణము మారును గాని రాత్రుల పొడవు మారదు. సూదులకు శరత్తును తెలుపునది రాత్రియే. చాల దక్షిణమునుండి తెచ్చినచో జర్మను పైను కథ మరల నడచును. ఎన్ని డిగ్రీల వఱకు పోవచ్చునో తేల్చుటకు పాత ప్రయోగవనములలోని చెట్లను ఇప్పుడు మరల కొలుచుచున్నారు. వానిని నాటినవారిలో చాలమంది గతించిరి. ఆ దేశములలో అడవి విత్తనమును అమ్మువారు సంచిపై బరువుతోపాటు పుట్టిన ప్రాంతమును తప్పక వ్రాయవలెనని నేడు శాసనమున్నది.